పిన్ని కదలదు, బాబాయ్ ఆగడు

ఆ వీధిలో అందరి లోపలి సంగతులూ తెలిసిన మనిషి ఎక్స్‌రే పిన్ని. లోపలి సంగతులంటే చాడీల సరుకు కాదు, నిజంగా లోపలివే. మలుపులో మందుల కొట్టాయన మోచేతిలో మరలున్నాయనీ, మేడ మీద లెక్కల మాస్టారి వెన్నుపూస కొక్కెంలా వంగిందనీ ఆవిడకి తెలుసు. వాళ్ళు ఎంత దర్జాగా నడిచి వస్తున్నా పిన్ని చూపు చొక్కా గుండీల దగ్గర ఆగదు. అందుకే ఆవిడ ఎదురైతే కొంతమంది తెలియకుండానే చేతులు కట్టుకుంటారు.

ఎముకల డాక్టరు గారి క్లినిక్‌లో, మెట్ల కింద, కిటికీ లేని గదిలో ఆవిడ ఉద్యోగం. గడ్డం పైకి, భుజాలు ముందుకి, గాలి పీల్చండి, కదలకండి. ఈ నాలుగు మాటలతోనే సగం జీవితం గడిపేసింది. లోకాన్నంతా కదలొద్దని చెప్పీ చెప్పీ ఆ గుణం చివరికి ఆవిడకే అంటుకుంది. బస్సు కోసం నిలబడితే పావురాలు వచ్చి చెప్పుల మీద నడుస్తాయి. ఒకసారి బట్టల కొట్లో ఎవరో పెద్దావిడ పిన్ని కట్టుకున్న చీర కొంగు పట్టుకుని, ఈ బొమ్మకి కట్టింది ఎంతలో వస్తుందని అడిగింది. పిన్ని జవాబు చెప్పగానే పాపం ఆ పెద్దావిడ అక్కడే కూలబడింది.

ఇంత నిమ్మళంగా కనిపించే మనిషికీ ఒక బాధ ఉంది. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పుకోలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ తీసిన బొమ్మలు వేలకి వేలు. ఒక్కదాన్ని చూసి కూడా బాగుందని ఎవరూ అనలేదు. డాక్టరు గారు ఫిల్ము దీపం ముందు పెట్టి పగులు కోసం వెతుకుతారు. రోగి ఆ పగులు వంక బిక్కుబిక్కుమంటూ చూస్తాడు. ఆ తర్వాత ఫిల్ము కవర్లోకి, కవరు బీరువా మీదికి. చిన్నపిల్లల మణికట్టు ఎముకలు ఏట్లో అరిగిన గులకరాళ్ళలా ఎంత ముద్దుగా ఉంటాయో చూడమని ఒకసారి డాక్టరు గారి ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఎక్కడ విరిగిందమ్మా అన్నారు. పోనీ ఇంట్లో చెప్పుకుందామా అంటే, ఇవాళ ఒకావిడ పక్కటెముకలు ఎంత అందంగా వచ్చాయోనండీ అని మొదలుపెట్టిన పూట బాబాయ్ నోటి దాకా తెచ్చిన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

బాబాయ్ కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టే మనిషి. ఇంటి ముందుగదే ఆయన షాపు. ఆయన లెక్కలో లోకంలో ఉన్న రోగాలన్నిటికీ కారణం ఒక్కటే, లూజు కనెక్షను. ఫ్యాను తిరక్కపోయినా లూజు కనెక్షనే, పక్కింటి అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా లూజు కనెక్షనే. ఇక కుదురు అనే మాటకీ ఆయనకీ చుట్టరికం కూడా లేదు. నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తాడు. రాత్రి గోడ పక్కన వేసిన మంచం తెల్లారేసరికి గుమ్మం వైపు బయల్దేరి ఉంటుంది. దేవుడు ఈ ఇద్దర్నీ ముడిపెట్టేటప్పుడు ఏ పరధ్యానంలో ఉన్నాడో గానీ, ముడి మాత్రం గట్టిగానే వేశాడు.

వీళ్ళింట్లోకి కంప్యూటరు వచ్చింది మరిది పుణ్యాన. బాబాయ్ తమ్ముడు పెళ్ళి వీడియోలు తీస్తాడు. కొత్త కంప్యూటరు కొనుక్కుని, పాతదాన్ని పారెయ్యడానికి మనసొప్పక వదిన ఇంట్లో దించాడు. బొమ్మలు సాఫీగా కదులుతున్నాయో లేదో పరీక్షించడానికి అందులో ఎప్పుడో ఒక ఆట పెట్టాడు, తీసెయ్యడం మర్చిపోయాడు. పిన్నికి అది దొరికింది.

ఆ ఆటలో తుపాకుల్లేవు, కార్లు లేవు. ఒక చిత్తడి నేల, మనిషెత్తు రెల్లు, నిలవ నీరు. రెల్లు మధ్య చాటు చూసుకుని కూర్చోవాలి. పిట్టలొస్తే చూడాలి, రాకపోతే నీళ్ళు చూడాలి. అంతే ఆట. మరిది దీన్ని ఒక్కసారి తెరిచి, ఆవలించి, మూసేశాడు. పిన్ని మాత్రం క్లినిక్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అందులో కూర్చునేది. బాబాయ్ వెనకనుంచి తొంగిచూసి, ఆగిపోయిన టీవీ చూసే మనిషిని లోకంలో నిన్నొక్కదాన్నే చూశానే అని పోయేవాడు.

ఆ ఆటలో రాగిమెడ పిట్ట అని ఒకటుంది. దాన్ని ఎదురుగా చూసినవాళ్ళు చాలా అరుదు. మౌసు వెంట్రుకవాసి జరిగినా లేచిపోతుంది. ఆ ఆట ఆడేవాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది దాని వీపే. ఒక శనివారం మధ్యాహ్నం అది పిన్ని ఎదురుగా వచ్చి వాలింది. వాలి, ఒంటికాలి మీద నిలబడి, మెడ తిప్పి, నేరుగా పిన్నినే చూసింది. నీళ్ళలో దాని నీడ కూడా పిన్నినే చూసింది. పిన్ని ఊపిరి బిగబట్టింది. ఎంతోసేపు ఒకరినొకరు చూసుకున్నాక, ఇక చాలన్నట్టు అది రెక్కలు విప్పి వెళ్ళిపోయింది. పిన్ని రికార్డు బటను ముందే నొక్కి పెట్టింది కాబట్టి అదంతా కంప్యూటరు రికార్డు చేసుకుంది.

అదే ఊళ్ళో, టౌన్‌హాల్లో, ఆటలాడేవాళ్ళ మేళా జరగబోతోంది. జనం పంపిన ఆటల వీడియోలు గోడంత తెర మీద వేస్తారు. ఈ సంగతి చెప్పింది మరిదే. పిన్ని ఆ రాత్రి పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. గోడంత తెర. హాలు నిండా జనం. ఎవరి చేతిలోనూ రిపోర్టు ఉండదు, ఎవరూ పగులు వెతకరు. తను పట్టుకున్న బొమ్మని ఊరికే, చూడ్డం కోసం చూస్తారు. మర్నాడు క్లినిక్‌లో ఒకాయన్ని గాలి పీల్చి ఆపమని, వదలమనడం మర్చిపోయింది. ఆయన ఎర్రబడి, నీలబడి, సైగలు చేస్తే గానీ గుర్తురాలేదు.

మేళా వాళ్ళకి వీడియో పంపడానికి గడువు ఆ వచ్చే ఆదివారం సాయంత్రం. మరిది నేర్పిన ప్రకారం పిన్ని ముందూ వెనకా కత్తిరించి, పెద్ద సైజులో వీడియో తయారుచేసి, శనివారమే పంపింది. పంపిన కాసేపటికే తిరుగుటపా. బిట్‌రేట్ చాలదు, కనీసం యాభై ఉండాలి, మీది ఆరు అని ఎర్రటి అక్షరాల్లో ఒక్క ముక్క. రాసింది మనిషి కాదు, గుమ్మంలో కాపలా పెట్టిన యంత్రం. పోయినేడు ఎవరెవరో చిన్న బొమ్మల్ని సాగదీసి పంపితే తెర మీద బూజులా కనిపించాయట, అందుకని ఈసారి ఈ కాపలా. మనిషితో చెప్పుకుందామని పిన్ని ఉత్తరం రాసింది. మీ ఉత్సాహానికి ధన్యవాదాలని జవాబొచ్చింది. అదీ యంత్రమే.

ఆదివారం పొద్దున్నే మరిది దిగాడు. తను తయారుచేసిన వీడియో పెట్టి చూపించింది పిన్ని. రెల్లంతా పేడ పూసిన గోడలా ముద్దముద్దగా ఉంది. నీళ్ళు గచ్చు పలకల్లా గడులు గడులుగా కదులుతున్నాయి. రాగిమెడ పిట్ట మెడ రాగిదో తుప్పుదో చెప్పడం కష్టం. మరిది వదినకి అర్థమయ్యేలా చెప్పాడు. బిట్‌రేట్ అంటే ఒక్కో సెకను బొమ్మలో ఎంత సరుకు పోస్తున్నామనే లెక్క. గిన్నె ఎంత పెద్దదైతేనేం, పోసే పాలు గరిటెడే అయితే మిగతాదంతా నీళ్ళే.

బాబాయ్ స్క్రూడ్రైవరు పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. ఇదీ లూజు కనెక్షనేనని తేల్చాడు. ఆయన ప్లగ్గు విప్పి బిగించేసరికి కంప్యూటరు ఆరిపోయింది, మరిది అప్పటిదాకా చేసిందంతా గంగలో కలిసింది.

"అన్నయ్యా, నీకు దండం పెడతాను, నువ్వెళ్ళి ఆ పంపు మోటారు చుట్టుకో."

"చుట్టేశా. ఖాళీగా ఉన్నా."

అంతకంటే ప్రమాదకరమైన మాట ఆ ఇంట్లో లేదు. పిన్ని ఆయన్ని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

మరిది సెట్టింగులన్నీ తవ్వుకుంటూ పోయి ఒకచోట ఆగి, నాలుక కరుచుకున్నాడు. తప్పు తనదే. పెద్ద పెద్ద వీడియోలతో పని చేస్తే పాత కంప్యూటరు నత్తలా పాకుతుంది. అందుకని పెళ్ళి వీడియోల వాళ్ళు రికార్డులన్నిటికీ చిన్న చిన్న నకళ్ళు చేసుకుని, కత్తిరింపులన్నీ వాటి మీద చేస్తారు. చివరికి వీడియో దించేటప్పుడు మాత్రం అసలుది తీసుకోమని చెప్పాలి. చెప్పకపోతే అది నకలునే సాగదీసి అసలు సైజులో చేతిలో పెడుతుంది. నకళ్ళే వాడు అన్న గడిలో టిక్కు ఎప్పటినుంచో ఉన్నట్టుంది. మరిది మొహం చూస్తే, ఆ టిక్కుతో ఎన్ని పెళ్ళిళ్ళు బూజు పట్టాయో లోపల్లోపల గుర్తు చేసుకుంటున్నట్టు తెలుస్తోంది. పిన్ని అది చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. ఆవిడ ఉద్యోగమే అది కదా, ఎవరి లోపల ఏముందో చూసి పైకి అనకపోవడం.

టిక్కు తీసి మళ్ళీ దించారు. ఈసారి బొమ్మ కడిగిన గాజులా వచ్చింది. రెల్లు మొనలు ఒక్కొక్కటి లెక్కపెట్టుకోవచ్చు. పిట్ట కంట్లో మబ్బు కూడా కనిపిస్తోంది. పిన్ని కళ్ళు మెరిశాయి. మరిది మీసం దువ్వుకుని లెక్క చూశాడు. పధ్నాలుగు.

అక్కణ్ణించి మరిదికి పౌరుషం వచ్చింది. ఎనభై పెట్టమని యంత్రానికి చెప్పాడు. అది ఎనభై అన్నమాట విని, సరేనని తలూపి, పధ్నాలుగే ఇచ్చింది. ఒకే వేగంతో పొయ్యమన్నాడు. పధ్నాలుగున్నర. వీడియోని రెండుసార్లు చదివి రాయమన్నాడు. గంటన్నర పోయింది, ఆ అరా పోయింది. కంప్యూటర్లో బొమ్మల పని చూసే కార్డు మీద నమ్మకం పోయి, పనంతా దాని అసలు మెదడుకే అప్పగించాడు. ఫ్యాను పిండిమరలా మోగింది, గది వేడెక్కింది, ఫలితం మారలేదు. అసలు రికార్డులోనే ఏమైనా లోపముందేమోనని అది తెరిచి చూశాడు. బొమ్మ దివ్యంగా ఉంది, అంకె మాత్రం అందులోనూ బక్కదే.

పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. గోడ గడియారం వంక చూడకూడదని తలతిప్పుకుంటే ఎదురుగా కిటికీలో ఎండ జరుగుతూ కనిపిస్తోంది. వద్దులేరా, పోనీ, వచ్చే ఏడు చూద్దాం అంది చివరికి. ఆ మాట అన్న గొంతు మరిదికి నచ్చలేదు. తమ్ముడికి చెప్పినట్టు కాకుండా, చెయ్యి విరిగిన పిల్లాడికి ఏం నొప్పి ఉండదులే అని చెప్పినట్టు ఉంది.

"వదినా, వచ్చే ఏడు ఆ పిట్ట మళ్ళీ వస్తుందా?"

రాదని ఆవిడకి తెలుసు.

కార్డు చచ్చిపోయినట్టుంది, ఇంటికెళ్ళి నాది తెస్తానని మరిది బండి తీశాడు. పిన్ని అతనికి ఏదైనా తినడానికి చెయ్యాలని లోపలికి వెళ్ళింది. గదిలో బాబాయ్, కంప్యూటరు మిగిలారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అయింది.

అప్పటికి ఆట తెరిచే ఉంది, పరీక్ష కోసం రికార్డు బటను కూడా మరిది నొక్కే పెట్టాడు. బాబాయ్ కుర్చీ లాక్కుని చిత్తడి నేలలోకి అడుగుపెట్టాడు. చాటు అంటే ఏమిటో ఆయనకి తెలీదు. రెల్లులో అడ్డంగా పడి పరుగెత్తాడు. కొంగలు గుంపులు గుంపులుగా లేచాయి. ఆయనకి హుషారొచ్చింది. నీళ్ళలోకి దూకాడు, బురదలో కూరుకుపోయాడు, గిరగిరా తిరిగి బయటపడ్డాడు, వాన బటను ఏదో నొక్కితే వాన కూడా మొదలైంది. పిన్ని గరిటతో పరుగున వచ్చి చూసేసరికి ఆ ప్రాంతంలో ఈక కూడా మిగల్లేదు.

"ఏవండీ, అది పిట్టల్ని చూసే ఆట."

"చూశానే. అన్నిటినీ ఒకేసారి చూశా."

మరిది వచ్చాడు. కొత్త కార్డు పెట్టేముందు పాతదానికి ఆఖరి అవకాశం ఇద్దామని, చేతికి దొరికిన ఆ కొత్త రికార్డునే, అవే సెట్టింగులతో దించాడు. లెక్క చూసి కళ్ళు నులుముకున్నాడు. ఎనభై ఆరు. అదే కంప్యూటరు, అదే కార్డు, అదే ఆట. అన్నయ్య ఆడితే గుమ్మడికాయంత, వదిన ఆడితే ఆవగింజంత.

మరిది ముందు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వాపుకుని, వదినకి నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. వీడియో రాసే యంత్రం మహా పిసినారి. ప్రతి బొమ్మనీ మొదటినుంచీ రాయదు. ఇందాకటి బొమ్మకీ ఇప్పటి బొమ్మకీ ఏం మారిందో అదే రాస్తుంది. రెల్లు ఊగితే రాస్తుంది, నీళ్ళు చిందితే రాస్తుంది. ఏమీ మారకపోతే పైదే మళ్ళీ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటుంది. ఎనభై తీసుకో అని బతిమాలినా, రాయడానికి ఏమీ లేకపోతే అదేం చేస్తుంది పాపం.

"రోగం కంప్యూటరుది కాదు వదినా. నీది. నువ్వు కదల్లేదు, నిన్ను చూసి ఆ పిట్టా కదల్లేదు, మీ ఇద్దర్నీ చూసి నీళ్ళు కూడా కదల్లేదు."

పిన్నికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొమ్మలో ఏ లోపమూ లేదు, లోపం లేకపోవడమే లోపమైంది. ఆ పిట్ట వచ్చిందే తను కదలనందుకు. ఆ బొమ్మని గుమ్మంలోంచి గెంటేసిందీ అందుకే.

మరిదికి ఒక ఉపాయం తెలుసు. బొమ్మ మీద సన్నటి ఇసుక చల్లినట్టు చుక్కలు చల్లొచ్చు. కంటికి సరిగా ఆనవు కూడా. కానీ ప్రతి క్షణం మారుతుంటాయి కాబట్టి యంత్రం ప్రతి చుక్కా రాసుకోక తప్పదు. అంకె దానంతటదే లేస్తుంది. రెండు నొక్కుల పని. పిన్ని చూపించమంది. చూపించాడు. పిట్ట మెడ మీద రాగి నిగనిగ మాయమై, దుమ్ము పట్టినట్టయింది.

ఇలాంటి ఫిల్ము నా గదిలోంచి బయటికి రానివ్వను, రోగిని మళ్ళీ పిలిచి తీస్తాను, అంది పిన్ని. మరిది, చూసేవాళ్ళకి తెలీదు వదినా అన్నాడు. నాకు తెలుస్తుందిరా, అంది. ఆ మాటతో ఇసుక వ్యవహారం ముగిసింది. వాన పెట్టి పిన్నినే మళ్ళీ ఆడమందామంటే, వానలో రాగిమెడ పిట్ట బయటికే రాదు. బయట ఎండ పసుపు రంగులోకి తిరుగుతోంది.

అప్పటిదాకా కుర్చీని రెండు కాళ్ళ మీద ఊగిస్తున్న బాబాయ్ ఊగడం మానకుండానే ఒక మాట వదిలాడు.

"మీకు తక్కువైంది నా దగ్గర ఎక్కువుంది కదరా. కొంచెం కలుపుకోండి."

ఎగతాళికే అన్నాడు. మరిది ఆయన వంక చూశాడు. తర్వాత తెర వంక చూశాడు. తర్వాత కాగితం అందుకున్నాడు. గుమ్మంలో యంత్రం చూసేది మొత్తం వీడియో సగటు. మొదట్లో పధ్నాలుగుండి తర్వాత ఎనభై ఆరు ఉన్నా దానికి పట్టదు. వదిన పిట్టకి సూదిమొనంత చుక్క కూడా అంటదు. పిట్ట ఎగిరిపోయాక, దాని తర్వాత అన్నయ్య వస్తాడు. లెక్క కట్టి తలెత్తాడు. సగం సగం కావాలి. వదిన ఎంతసేపు కూర్చుందో అన్నయ్య అంతసేపూ పరుగెత్తాలి.

పిన్నికి ఇది మింగుడుపడలేదు. ఇన్నేళ్ళకి ఒక్క బొమ్మని జనం ముందు పెడదామంటే, దాని వెనకే ఈయన దౌడా. పెళ్ళిలో గానకచేరీ అవగానే అదే వేదిక మీద సర్కస్ పెట్టినట్టుంటుంది. మొగుడి వంక చూసింది. ఆయన ఊగడం ఆపేసి ఉన్నాడు. ఆ మొహంలో ఎగతాళి లేదు. నన్ను రానిస్తారా అన్నట్టు, ఆటలో చేర్చుకోమని గోడ పక్కన నిలబడ్డ పిల్లాడి మొహంలా ఉంది. పైగా ఇసుకలా ఈయన పిట్ట మీద పడడు. పక్కన ఉంటాడు. ఇన్నేళ్ళుగా ఉన్నట్టే.

"సరే. కానీ బాగా పరుగెత్తండి," అంది.

ఇందాకటి దౌడు చాలదు. మళ్ళీ మొదలెట్టాడు. మొదట్లో సింహంలా దూకాడు. కాసేపటికి, ఇంకా ఎంతసేపురా అన్నాడు. వదిన కదలకుండా కూర్చున్నదాంట్లో ఇంకా పావు వంతు కూడా కాలేదని మరిది అన్నాడు. బాబాయ్ మొదటిసారి పెళ్ళాం వంక వేరేగా చూశాడు. "ఇంతసేపు ఎలా కూర్చున్నావే?" అన్నాడు, కళ్ళు మాత్రం రెల్లులోనే పెట్టుకుని. పిన్ని ఏమంటుంది, కూర్చున్నానంతే అంది. మరిది పక్కనుంచి గుర్రపు పందెంలో కేకలేసేవాడిలా, నీళ్ళలో పడన్నయ్యా, ఆకులు కదిలితే అంకె బాగా లేస్తుంది ఆకుల్లోకి పో, ఆగకు ఆగకు, అంకె పడిపోతోంది అని అదిలిస్తున్నాడు. బాబాయ్ చెమటలు కక్కుతూ ఒక పడవని తిరగేశాడు. ఆ పడవ తిరగబడుతుందని ఆట చేసినవాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

రెండు ముక్కల్నీ అతికించేటప్పుడు చిన్న తగువొచ్చింది. పిట్ట రెక్కలు విప్పి లేచింది. సరిగ్గా అక్కడే కోసి, ఆ వెంటనే రెల్లు చీల్చుకుని వస్తున్న బాబాయ్‌ని అతికించాడు మరిది. చూస్తే ఆయన రావడం వల్లే పిట్ట ఎగిరినట్టుంది. బాబాయ్ ఒప్పుకోలేదు. అది శనివారం తనంతట తనే పోయింది, నేను ఆదివారం వచ్చాను, నా మీద పెడతారేం అన్నాడు. మధ్యలో కాస్త చీకటి పెడదామా అని మరిది అడిగాడు. పిన్ని అతుకుని రెండుసార్లు చూసింది. వద్దు, ఇలాగే బాగుంది అంది. ఆ గొంతులో ఎప్పుడూ లేని ఒక కొంటెతనం ఉంది.

వీడియో దిగుతుంటే గీత నెమ్మదిగా నిండుతోంది, పైన చిన్న కిటికీలో బొమ్మ నడుస్తోంది. చెయ్యడానికి ఎవరికీ పనిలేదు. బాబాయ్ అలా తెర ముందు చేరగిలబడ్డాడు. పిట్ట వచ్చింది, వాలింది, మెడ తిప్పింది. బాబాయ్ మొదటిసారి దాన్ని ఎదురుగా చూశాడు. దాని నీడని చూశాడు. పిన్ని ఆయన్నే గమనిస్తోంది, ఎక్కడైనా పగులు వెతుకుతాడేమోనని. వెతకలేదు. కాసేపటికి, దాని కాళ్ళు భలే ఉన్నాయే, సన్నటి తీగ చుట్టినట్టు, అన్నాడు. ఆయన వృత్తిలో అంతకు మించిన పొగడ్త లేదు.

యాభై దాటింది, పాయింటు మూడు ఎక్కువే. వెలుగుండగానే గుమ్మంలోని యంత్రం తలుపు తీసింది.

మేళా రోజున టౌన్‌హాలు కిక్కిరిసింది. కార్లు గుద్దుకున్నాయి, కోటలు కూలాయి, చప్పట్లు మోగాయి. తర్వాత తెర నిండా రెల్లు, నీళ్ళు. ఏమీ కదల్లేదు. హాల్లో గుసగుసలు. వెనకనుంచి ఎవరో వీడియో ఆగిపోయిందని కేకేశారు. ఆపరేటరు కూడా లేచి చూశాడు. పిన్ని కొంగు సర్దుకుంది. లేచి పోదామనుకుంది. అంతలో ఒక రెల్లు మొన వంగింది, దాని పక్కన పిట్ట వాలింది. గుసగుసలు ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయాయి. అంతమంది జనం, అంత పెద్ద హాలు, పైన ఫ్యాన్లు తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. పిట్ట గోడంత ఎత్తున నిలబడి మెడ తిప్పి అందర్నీ చూసింది. పిన్ని తెర చూడలేదు. వరసల వెంట తల తిప్పుతూ మొహాలు చూసింది. నోళ్ళు తెరుచుకుని, బొమ్మ వెలుగు పడి, ఊరికే చూస్తున్న మొహాలు. అంతమందిని ఒకేసారి అలా ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

పిట్ట ఎగిరింది. రెల్లు చీలింది. వానలో, బురదలో, పడవ తిరగేస్తూ బాబాయ్ వచ్చాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. కొందరు నవ్వారు, కొందరు నిజంగానే తిట్టారు. పిన్ని పక్కన కూర్చున్న ఒక తెలియనావిడ నుదురు కొట్టుకుంది.

"ఎవడండీ ఆ దున్నపోతు, బంగారంలాంటి పిట్టని తోలేశాడు."

"మావారేనండి," అంది పిన్ని.

ఆవిడ కంగారుపడి పిన్ని అవతలి కుర్చీలోకి తొంగిచూసింది. బాబాయ్ కుర్చీలో అంగుళం కూడా కదలకుండా బిగుసుకుపోయి ఉన్నాడు. కాస్త తేరుకుని, ముందుకు వంగి, ఆ తెలియనావిడకి విన్నవించుకున్నాడు. అది నేను రాకముందే పోయిందండీ, అసలు దానికీ నాకూ ముఖపరిచయం లేదు, కావాలంటే ఈవిణ్ణి అడగండి, ఆ రోజు ఈవిడే ఉంది అక్కడ.

ఇద్దరూ పిన్ని వంక చూశారు. పిన్ని తెర మీద నీళ్ళలో దబ్బున పడుతున్న మొగుణ్ణి తాపీగా చూస్తూ, "ఏమోనండీ," అంది. "నేను పిట్టనే చూస్తున్నాను."